గురి నేర్చిన యానీ

అమెరికా దేశంలో ఒహాయో అనే రాష్ట్రం ఉంది. అక్కడ ఒక పల్లెలో 1860లో యానీ పుట్టింది. వాళ్లది బీద కుటుంబం. ఇంటినిండా పిల్లలు. 1866లో తండ్రి చనిపోయాడు. తల్లి ఒక్కతే సంసారం ఈదాల్సి వచ్చింది. యానీకి బడి చదువు సరిగా సాగలేదు.

ఇంట్లో తండ్రి వాడిన పాత తుపాకీ ఉంది. ఎనిమిదేళ్లప్పుడు యానీ దాన్ని దించింది. మొదటి దెబ్బకే ఉడుతను కొట్టింది.

ఆ రకం తుపాకీలో మందును గొట్టం మూతి నుంచే పోయాలి. ముందు మందు కొలిచి పోస్తారు. తర్వాత సీసం గుండును గుడ్డపేలికలో పెట్టి, కడ్డీతో లోపలికి దిగ్గొడతారు.

మరి మందు ఎలా అంటుకుంటుంది? పాతకాలంలో చెకుముకి రాయి వాడేవారు. తుపాకీ పక్కన చిన్న పళ్లెం ఉండేది. అందులో చిటికెడు మందు వేసేవారు. మీట నొక్కితే రాయి వెళ్లి ఉక్కు రేకును కొట్టేది. నిప్పురవ్వలు పళ్లెంలో పడేవి. ఆ మంట చిన్న రంధ్రంలోంచి గొట్టంలోకి పోయేది. అప్పుడు గుండు దూసుకుపోయేది. యానీ పుట్టేనాటికి రాయి బదులు చిన్న రాగి టోపీలు వాడకంలోకి వచ్చేశాయి.

మీట నొక్కాక గుండు వెళ్లేదాకా చెయ్యి కదలకూడదు. కదిలితే గురి తప్పుతుంది. వానకు మందు తడిస్తే తుపాకీ పేలదు. ఒక్కసారి పేల్చాక మళ్లీ మందు కూరాలి. ఈలోగా జంతువు పారిపోతుంది. అందుకే వేటగాళ్లకు ఓర్పు కావాలి. నిండిన తుపాకీని మనుషుల వైపు ఎన్నడూ తిప్పకూడదు.

యానీ కొన్నాళ్లు బీదల ఆశ్రమంలో ఉంది. అక్కడ కుట్టుపని నేర్చింది. తర్వాత ఒక ఇంట్లో పనికి పెట్టారు. ఆ ఇంటివాళ్లు బాగా హింసించారు. తట్టుకోలేక పారిపోయి తల్లిని చేరింది.

అప్పటినుంచి అడవికి వెళ్లేది. పూరేడు పిట్టల్ని, కుందేళ్లను కొట్టేది. మాంసం పాడవకుండా తలకే గురి పెట్టేది. గ్రీన్‌విల్ అనే ఊళ్లో దుకాణానికి అమ్మేది. ఆ డబ్బుతో, పదిహేనేళ్లకల్లా తల్లి ఇంటి మీదున్న తాకట్టు అప్పు తీర్చేసింది.

తర్వాత ఫ్రాంక్ బట్లర్ అనే గురికాడితో పందెం కాసింది. ఒక్క గురి తేడాతో అతను ఓడిపోయాడు. తర్వాత ఆమెనే పెళ్లాడాడు. 1885లో యానీ పెద్ద ప్రదర్శన బృందంలో చేరింది. ఎన్నో దేశాల్లో పేరు తెచ్చుకుంది. ఆడవాళ్లకు తుపాకీ నేర్పింది.

1898లో యానీ దేశాధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. యుద్ధం వస్తే గురి తెలిసిన 50 మంది ఆడవాళ్లను తెస్తానంది. తుపాకులు, తూటాలు వాళ్లవేనంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. అయినా ఆ ఉత్తరాన్ని ఈనాటికీ భద్రంగా దాచారు. 1926లో యానీ చనిపోయింది.

తెలుసుకోండి

మన దేశంలో లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడం నేరం. నాటు తుపాకీకీ ఇదే చట్టం. అది 1959లో వచ్చింది. జింక, నెమలి లాంటి వాటిని వేటాడటం కూడా నేరమే. ఆ చట్టం 1972లో వచ్చింది.

కొత్త మాటలు

చెకుముకి రాయి, గురి, తాకట్టు, ఆశ్రమం, లైసెన్సు

మాట్లాడుకోండి

1. మీట నొక్కాక చెయ్యి ఎందుకు కదలకూడదు?
2. యానీ తల్లి అప్పు ఎలా తీర్చింది?
3. ఆడవాళ్లు చేయలేరని మీ ఊళ్లో ఏ పనులను అంటారు? వాటిలో మీరు నేర్చుకున్నవి ఏవి?
4. మీ ఊరికి కావలసింది ఏమిటి? దాని గురించి కలెక్టరు గారికి నాలుగు మాటలు రాయండి.