గర్భస్రావం: ప్రశ్న ముందుగా ఎవరికి?

గర్భస్రావం ప్రస్తావన రాగానే మన వేలు ఆ యువతి వైపే చూపిస్తుంది. ఆమె ఆసుపత్రి గడప తొక్కక ముందే ఆ ఇంట్లో ఎన్ని నిర్ణయాలు జరిగిపోయాయో మనం అడగము. మన పల్లెల పరిస్థితిని కాస్త పరిశీలిద్దాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే వివాహమైనవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29 మంది, తెలంగాణలో 23 మందికి పైగా ఉన్నారు. పెళ్ళైన ఏడాదికే కాన్పు, ఆ బిడ్డ పాలు మానకముందే మళ్ళీ గర్భం. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం గురించి ఆ అమ్మాయితో మాట్లాడేవారుండరు. కుటుంబ నియంత్రణ అంటే మన పల్లెల్లో ఆపరేషనే! దేశంలో జరుగుతున్న గర్భస్రావాల్లో దాదాపు సగానికి కారణం అనుకోని గర్భమేనని అదే సర్వే చెబుతోంది. దైవప్రవక్త (స) కాలంలో సహాబాలు 'అజ్ల్' పాటించేవారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. దీని ఆధారంగానే అధికసంఖ్యాక ధర్మవేత్తలు దంపతుల పరస్పర అంగీకారంతో తాత్కాలిక పద్ధతులను అనుమతించారు. ఈ సంగతి మన జుమా ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నాం?

ఇక ఆడపిల్ల భయం. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లోనే చట్టం వచ్చింది. అయినా ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది బాలురకు బాలికల సంఖ్య 2001లో 927 ఉంటే, 2011 నాటికి 919కి పడిపోయింది. మహర్ ఇచ్చి వివాహం చేసుకోవలసిన సముదాయంలోనే 'జోడే కీ రఖమ్' పేరుతో వసూళ్ళు సాగుతుంటే రెండో ఆడపిల్ల పుడుతుందంటే తండ్రి గుండె జారకుండా ఎలా ఉంటుంది? పేదరికానికి భయపడి సంతానాన్ని హతమార్చవద్దని బనీ ఇస్రాయీల్ సూరా 31వ ఆయత్ వారిస్తోంది. ఆ ఆజ్ఞ బహువచనంలో ఉంది. అంటే ఒక్క తల్లికే కాదు, తండ్రికీ, అత్తమామలకూ వర్తిస్తుంది. కట్నం పుచ్చుకున్నవారు కూడా దీన్ని మరోసారి చదువుకోవాలి.

గర్భానికి 120 రోజులు నిండాక తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప గర్భస్రావం నిషిద్ధమన్నది ధర్మవేత్తల మాట. అంతకుముందు విషయంలో వారిలో భిన్నాభిప్రాయాలున్నాయి. కొందరు హనఫీ పండితులు తగిన కారణముంటే అనుమతించగా, మాలికీలు చాలావరకు అంగీకరించలేదు. కనుక తీర్పు చెప్పే తొందర మనకొద్దు, తెలిసిన ఆలిమ్‌ను అడగాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది రహస్యం. నలుగురికీ తెలుస్తుందన్న భయంతో మందుల దుకాణం నుంచి మాత్రలు తెప్పించి ఇంట్లోనే మింగుతారు. పై సర్వే ప్రకారం దేశంలో నూటికి 27 గర్భస్రావాలు స్త్రీలు ఇంట్లో సొంతంగా చేసుకున్నవే. ఆ మాత్రలు తొమ్మిది వారాలలోపు, వైద్యుల సలహాతో వాడవలసినవి. గర్భం గర్భసంచి బయట ఏర్పడితే అవి పనిచేయవు, ప్రాణం మీదికి వస్తుంది. రక్తహీనత ఉన్న అమ్మాయికి అధిక రక్తస్రావం మరీ చేటు. చట్టప్రకారం వైద్యులు ఆమె పేరు గోప్యంగా ఉంచాలి. ఇది తెలియకే చాలామంది ప్రభుత్వాసుపత్రికి వెళ్ళరు.

ఎడం కోసం అంతర ఇంజెక్షన్, ఛాయా మాత్రలు, కాపర్-టి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే వివరాలు చెబుతుంది. ఆ అడగడమేదో భర్తే అడగవచ్చు.