మొదటి వరుసలో కూటసాక్ష్యం

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో పని దొరికి కుప్పం నుండో చిత్తూరు నుండో తరలివచ్చిన కుటుంబానికి, ఊరిలో పరిచయాలు ఏర్పడకముందే చేతిలోని ఫోన్ దారి చూపే పెద్ద అవుతుంది. అద్దె ఇల్లు, పిల్లల బడి, గ్యాస్ కనెక్షన్ బదిలీ, చెడిపోయిన వాషింగ్ మెషిన్‌ను బాగుచేసే మనిషి, అన్నీ గూగుల్‌లోనే వెతుకుతారు. తెరపై ముందుగా కనబడిన రెండు మూడు నంబర్లకు ఫోన్ చేస్తారు. అంతకంటె కిందికి వెళ్లే ఓపిక చాలామందికి ఉండదు. అందుచేత ఆ మొదటి వరుసకు బస్టాండు ఎదుటి అంగడికి ఉన్నంత గిరాకీ ఏర్పడింది.

ఆ గిరాకీని సొమ్ము చేసుకొనేవారూ ఉన్నారు. చిన్న వ్యాపారులకు ఫోన్ చేసి, నెల రోజులలో గూగుల్‌లో మొదటి స్థానం ఖాయమని హామీ ఇస్తారు. ఆ హామీలోనే అసత్యం ఉంది. మొదటి స్థానానికి ఎవరూ పూచీ పడలేరని గూగుల్ సంస్థ తన మార్గదర్శకాలలోనే స్పష్టంగా చెప్పింది.

వెతుకులాటలో తమ వెబ్‌సైట్ తేలికగా కనబడేటట్లు దిద్దుకోవడాన్ని సెర్చ్ ఇంజిన్ ఆప్టిమైజేషన్, క్లుప్తంగా ఎస్.ఇ.ఓ. అంటారు. అది స్వతహాగా తప్పు కాదు. కృష్ణగిరి జిల్లాలో మామిడి అంట్లు అమ్మే నర్సరీ యజమాని తన వద్ద ఉన్న రకాలు, చిరునామా, తెరచి ఉండే వేళలు తమిళంలోను తెలుగులోను చక్కగా వ్రాసి పెట్టుకొంటే అది మంచి పనే. సెర్చ్ ఇంజిన్ నియమాలను ఉల్లంఘించి, లేని యోగ్యతను ఉన్నట్లు చూపే పద్ధతులకు మాత్రం బ్లాక్ హ్యాట్ అని పేరు. పాత అమెరికన్ కౌబాయ్ చిత్రాలలో దుష్టపాత్రలకు నల్లటోపీ పెట్టే ఆనవాయితీ నుండి ఆ మాట వచ్చింది.

ఇందులోని దోషం తెలియాలంటే గూగుల్ పుట్టుకలోని ఆలోచనను గమనించాలి. 1998లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధక విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ప్రతిపాదించిన పద్ధతి ప్రకారం, ఒక పేజీ మరొక పేజీకి లింక్ ఇచ్చిందంటే దాని పక్షాన సాక్ష్యం పలికినట్లే. సాక్షి ఎంత గౌరవనీయుడైతే ఆ సాక్ష్యానికి అంత బరువు. న్యాయసభకు వర్తించే సూత్రమే ఇది. 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసిన విజ్ఞానేశ్వరీయానికి మూలమైన మితాక్షరలోనూ సాక్షుల యోగ్యాయోగ్యతల విచారణ ఉంది. అబద్ధపు సాక్ష్యానికి మన ధర్మశాస్త్రాలు పెట్టిన పేరు కూటసాక్ష్యం. డబ్బిచ్చి వేరే సైట్లలో లింకులు వేయించడం, కొనని వారిచేత అయిదు నక్షత్రాల రివ్యూలు వ్రాయించడం ఆ కోవలోనివే.

పెద్ద సంస్థలు కూడా ఈ దారి తొక్కి దెబ్బతిన్నాయి. 2006లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. వెబ్‌సైట్, సందర్శకులకు ఒక పేజీ, సెర్చ్ ఇంజిన్‌కు మరొక పేజీ చూపిందన్న కారణంతో గూగుల్ ఫలితాల నుండి తొలగింపునకు గురైంది. 2011 ఫిబ్రవరిలో అమెరికాలోని జె.సి. పెన్నీ దుకాణాల సంస్థకు సంబంధంలేని వందలాది సైట్ల నుండి వేలాది లింకులు ఉన్నట్లు న్యూయార్క్ టైమ్స్ పత్రిక బయటపెట్టింది. ఒక పెట్టె పేరుతో వెతికితే మొదట వచ్చే ఆ సంస్థ పేజీ రెండు గంటలలోనే 71వ స్థానానికి పడిపోయింది. తమకేమీ తెలియదని చెప్పి ఆ సంస్థ తన ఎస్.ఇ.ఓ. సలహాదారును తొలగించింది. అంతటి సంస్థ ఆ నష్టాన్ని తట్టుకొంది. ఒక్క గది దుకాణం తట్టుకోగలదా?

హోసూరుకు ప్రత్యేకమైన ప్రలోభం ఒకటుంది. బెంగళూరు నలభై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నందున, అక్కడి ఎలక్ట్రానిక్ సిటీలోనో అత్తిబెలెలోనో లేని శాఖ ఉన్నట్లు గూగుల్ మ్యాప్స్‌లో చిరునామా చేర్చితే గిరాకీ పెరుగుతుందని కొందరు ఏజెంట్లు సలహా ఇస్తారు. దుకాణం పేరు పక్కనే ‘హోసూరులో ఉత్తమం’ వంటి మాటలు తగిలించమంటారు. రెండూ గూగుల్ నియమాలకు విరుద్ధమే. ఖాతాను నిలిపివేస్తే అసలు చిరునామా కూడా మాయమయ్యే ప్రమాదం ఉంది. ఏజెంట్ పుచ్చుకొన్న సొమ్ము మాత్రం తిరిగి రాదు. ఇంతకు ముందు నష్టపోయేవాడు పక్కవీధిలో నిజాయితీగా పనిచేసే మెకానిక్. అతని పేరు కింది వరుసలోకి జారిపోయిన సంగతి అతనికే తెలియదు.

ఇవే ఉపాయాలు మోసగాళ్ల చేతికి చిక్కితే నష్టం వ్యాపారానికే పరిమితం కాదు. 2018లో మహారాష్ట్రలోని థానే ప్రాంతంలో బ్యాంక్ ఆఫ్ ఇండియా శాఖల వద్ద గూగుల్ మ్యాప్స్‌లో కనబడే ఫోన్ నంబర్లను దుండగులు మార్చివేశారు. బ్యాంకే అనుకొని ఫోన్ చేసిన ఖాతాదారుల నుండి కార్డు వివరాలు రాబట్టారు. ఈ విధమైన మారుపేరు మోసానికి 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలోని 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. రివ్యూల విషయంలో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఒక ప్రమాణాన్ని వెలువరించింది కాని, దానిని పాటించడం ఐచ్ఛికం.

బ్యాంకు నంబరు కావలసినవారు పాస్‌బుక్కులోనో కార్డు వెనుకనో చూడవచ్చు. గ్యాస్ లీకైతే 1906 ఉంది. డబ్బు పోయినట్లు తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేస్తే, ఆ సొమ్ము వేరే ఖాతాలకు చేరకముందే ఆపే అవకాశం మిగులుతుంది. ఎస్.ఇ.ఓ. పని ఎవరికైనా అప్పగించే వ్యాపారి, చేయబోయే పనుల జాబితాను వ్రాతపూర్వకంగా తీసుకోవాలి. లింకులు ఎక్కడి నుండి వస్తాయో అడగాలి. వెబ్‌సైట్, మ్యాప్స్ ఖాతా రెండూ తన ఫోన్ నంబరు, తన ఈమెయిల్ పేరుతోనే ఉంచుకోవాలి. ఏజెంట్ పేరుతో ఉన్నట్లయితే, అతడు పెట్టిన తప్పుడు చిరునామాను తొలగించడానికి కూడా అతని అనుమతే కావలసి వస్తుంది.