ఒకే పటముపై మూడు పనులు



నీవు పంపిన బార్‌చార్టు అందినది. పాఠశాల భవనము, మంచినీటి ట్యాంకు, కాలువపై చిన్న వంతెన, ఈ మూడు పనులను మీ కార్యాలయమువారు నీ చేతికి అప్పగించుటయు, వాని కాలక్రమమునంతయు నీవు ఒక్క కాగితముపై నిలుపబూనుటయు నాకు మిక్కిలి సంతోషము కలిగించినవి. అయినను, ఏ గీత ఏ పనికి చెందినదో తెలిసికొనుటకే చూచువాని దృష్టి యంతయు వ్యయమగుచున్నది గనుక, ఆ విషయమున నాకు తోచినది వ్రాయుచున్నాను.

నీవు అన్నింటిని ఆరంభ తేదీలను బట్టి వరుస పెట్టితివి. తన్మూలమున ‘పునాది తవ్వకము’ అను మాట మూడు చోట్ల పడినది. అది దేని పునాదియో రంగును చూచియే గ్రహింపవలసి వచ్చుచున్నది. మూలదోష మిదియే. ఒక్కొక్క పనికి సంబంధించిన వరుసలన్నియు ఒక్కచోట చేరి, వానికి పైన ఆ పని పేరును, దాని ఆద్యంతములను చూపు దట్టమైన పెద్దగీతయు నుండి, పనికిని పనికిని నడుమ ఒక ఖాళీ వరుస విడువబడినచో, రంగు ముట్టకుండగనే చూపరికి విభాగము స్ఫురించును. గట్టు వేసిన మడికి వేఱే గుర్తు అక్కఱలేదు గదా! ప్రతి వరుస పేరునకు ముందు బడి, ట్యాంకు, వంతెన అను పొట్టిపేరు కూడ చేర్చుము. పటము రెండు పుటలకు సాగినపుడు శీర్షిక మొదటి పుటయందే నిలిచిపోవును. పొట్టిపేరు మాత్రము వరుసను విడువదు.

అమెరికా ఇంజనీరు హెన్రీ గాంట్ పేరిట ప్రసిద్ధికెక్కిన ఈ పటముల పద్ధతిని వివరించుచు వాలెస్ క్లార్క్ 1922లో ప్రకటించిన గ్రంథమున, ఆయా దినములలో జరిగిన పనికి సన్నని గీతయు, అంతవఱకు జరిగిన మొత్తమునకు దట్టమైన గీతయు నుపయోగింపబడినవి. గీత మందముచేతనే అర్థభేదము సాధింపబడినది. నీకు రంగులు సులభముగా లభించుటచే వానిపై మితిమీరిన భారము మోపితివి. వంతెనకు పచ్చరంగు, పూర్తియైన పనికిని పచ్చరంగే! ఇక గర్డర్లు ఎక్కినవో, ఎక్కవలసియున్నవో ఎట్లు తెలియును? రంగు ఏ పనియో చెప్పుటకే పరిమితము కావలెను. జరిగినంత మేర గీత నడుమ నల్లని సన్నగీత వేసి చూపుము. పైగా ఎఱుపు పచ్చల భేదము కొందఱు పురుషులకు పుట్టుకతోనే సరిగా గోచరింపదు; ఐరోపా సంతతివారిలో అట్టి పురుషులు నూటికి సుమారు 8 మంది. సైటులో చేతులు మాఱునవి నలుపు తెలుపు జిరాక్సు ప్రతులే గావున, అచ్చట అందఱికిని ఆ లోపమే కలిగినట్లగును.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి యొకటి గలదు. పనులను ఎంత వేఱుపఱచినను వాని నడుమనున్న బంధము మఱుగుపడరాదు; మూడు పటములు గీయక ఒక్కటే గీయుటకు కారణము ఆ బంధమే. మీకు సెంట్రింగు సామాను ఒక్క పనికి చాలునంతయే యున్నదని వ్రాసితివి. సాధారణ సిమెంటు వాడినపుడు, 4.5 మీటర్లు మించిన స్పాను గల స్లాబునకు 14 దినములు, 6 మీటర్లు మించిన దూలమునకు 21 దినములు గడువక పూర్వము సాధారణముగా ఆధారములు తీయరాదని కాంక్రీటు పనుల ప్రమాణమైన ఐ.ఎస్. 456 సూచించుచున్నది. అనగా బడి కప్పు పోసిన నాటినుండి ఆ గడువు తీరువఱకు ఆ సామాను అచ్చటనే బందీయై యుండును. నీ పటమున ఆ దినములలోనే ట్యాంకు కాంక్రీటు మొదలగుచున్నది! కావున విభాగములన్నింటికి అడుగున ‘సెంట్రింగు’ అనియు, ‘క్రేను’ అనియు ఉమ్మడి వరుసలు వేసి, ఏ వారము ఏ పని వానిని వాడుకొనునో ఆ పని రంగుతోనే నింపుము. ఒకే గడిలో రెండు రంగులు పడవలసి వచ్చినచోట తగవున్నదని సైటువారికంటె ముందు నీకే తెలియును. రంగు నిజముగా అక్కఱకు వచ్చునది ఇచ్చటనే.

ఈ దినమును సూచించు నిలువుగీత విభాగములన్నింటి మీదుగా పైనుండి క్రిందివఱకు ఒక్కటిగా సాగవలెను. విభాగముల క్రమమును నెలనెలకు మార్చకుము.

సామాను ట్యాంకునకు ఎన్నడు చేరునో ముందుగా తేల్చి, పటమును తిరిగి గీసి, దాని జిరాక్సు ప్రతిని మేస్త్రీ చేతికిచ్చి, వచ్చు వారము తాను చేయవలసిన పని ఏదో వ్రేలితో చూపుమని అడుగుము. అతడు నిన్నేమియు ప్రశ్నింపక చూపగలిగినయెడల ఆ పటమునే మీ పై ఇంజనీరునకు పంపుము.

ఇట్లు,
నీ మామయ్య