ఉనకేశ్వర్ నీళ్ళు, ఖాళీ ప్లేటు

నాందేడ్

చిరంజీవి కోడలుపిల్లకి,



మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేదని అలిగావట, మీ అమ్మ చెప్పింది. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు బిడ్డా, అందుకే ఈ ఉత్తరం. సీసీఎంబీలో చేరిన నీ స్నేహితురాలికి ఉన్న మిషన్లలో పదోవంతు కూడా ఇక్కడ లేవు, విష్ణుపురిలో కూర్చుని ఈ నాలుగేళ్ళూ పోగొట్టుకుంటున్నానా అన్నావు. హైదరాబాదులో చేసే పనినే ఇక్కడ తక్కువ సరంజామాతో చేద్దామనుకుంటే పోగొట్టుకున్నట్టే. ఇక్కడి పని ఇక్కడ చేస్తే పోగొట్టుకునేదేమీ లేదు. 1994 సెప్టెంబరు 17న ఈ యూనివర్సిటీ పెట్టి, నిజాంతో పోరాడిన స్వామి రామానంద తీర్థ పేరు ఎందుకు పెట్టారో, హైదరాబాదు విమోచన దినమైన ఆ తేదీయే ఎందుకో నిజామాబాదు పిల్లవు, నీకు చెప్పక్కర్లేదు. మరఠ్వాడా పిల్లలు చదువుకోసం దూరం పోకుండా ఉండాలని పెట్టిందే.

నీ పీహెచ్‌డీ సినాప్సిస్ చదివాను. ఉనకేశ్వర్ భాగం ఉంచు. ఆకు రసం, క్యాన్సర్ కణాల భాగం గురించి కింద రాస్తాను.

ఉనకేశ్వర్ మన కిన్వట్ తాలూకాలోనే ఉంది. దక్కను నల్లరాతి పొరల్లోంచి పైకొచ్చే వేడినీళ్ళు. పుణే శాస్త్రవేత్తలు ఆ నీళ్ళలోని డీఎన్ఏని నేరుగా చదివి 2016లోనే పేపరు వేశారు. దాంతో నువ్వు నీరసపడ్డావని నాకు తెలుసు. కానీ డీఎన్ఏ చదివితే ఎవరెవరున్నారో జాబితా వస్తుంది, సీసాలోకి ప్రాణమున్న జీవి రాదు. అది పెంచినవాళ్ళకే దక్కుతుంది.

థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా కథ నీకు సగమే చెప్పి ఉంటారు. 1960ల్లో థామస్ బ్రాక్, అతని దగ్గర డిగ్రీ చదివే హడ్సన్ ఫ్రీజ్ అనే కుర్రవాడు కలిసి ఎల్లోస్టోన్ ఊటల్లోంచి దాన్ని పెంచారు. 1969లో పేపరు రాశారు. 70 డిగ్రీల్లో హాయిగా పెరిగే జీవి అని తెలిసింది, అప్పట్లో అంతకు మించి దాంతో పెద్దగా ఎవరికీ పనిపడలేదు. అయినా బ్రాక్ దాన్ని అమెరికా కల్చర్ కలెక్షన్‌లో జమచేశాడు. 1983లో కేరీ మల్లిస్‌కు డీఎన్ఏకి కాపీలు తీసే పీసీఆర్ ఆలోచన తట్టింది. ప్రతి చుట్టులోనూ 90 డిగ్రీలు దాటే వేడికి చెడిపోని ఎంజైము కావాల్సి వచ్చింది. ఆ కలెక్షన్‌లో కల్చరు సిద్ధంగా ఉంది. నువ్వు రోజూ పిపెట్‌తో తీసే ట్యాక్ ఎంజైము దాన్నుంచి వచ్చిందే. నోబెల్ 1993లో మల్లిస్‌కు వచ్చింది, బ్రాక్‌కు రాలేదు, అది వేరే సంగతి. కల్చరు జమచేసి ఉండకపోతే మళ్ళీ మొదటినుంచి వెతుక్కోవాల్సి వచ్చేది. కాబట్టి నీకు దొరికిన ప్రతి మంచి స్ట్రెయిన్‌నూ గ్లిజరాల్‌లో రెండు వేర్వేరు ఫ్రీజర్లలో పెట్టు. ఎండాకాలం ఇక్కడ కరెంటు ఎలా పోతుందో చూశావు కదా. కాస్త నమ్మకం కుదరగానే ఒక కాపీ పుణే ఎన్‌సీఎంఆర్‌కో, చండీగఢ్ ఎంటీసీసీకో పంపు. మీ గైడు మేడం రేపు రిటైరైనా, నువ్వు ఉద్యోగం వెతుక్కుని ఇంకో ఊరు పోయినా అది అక్కడ ఉంటుంది.

ఇక అసలు చిక్కు. 55 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో నీకు మొట్టమొదట వచ్చేది బహుశా జియోబాసిల్లస్ అవుతుంది. సంబరపడకు. దాని స్పోర్లు మామూలు మట్టిలో, ఎరువు దిబ్బలో, గాలి దుమ్ములో ఎక్కడ చూసినా ఉంటాయి. చల్లటి చోట ఏళ్ళతరబడి నిద్రపోయి, వేడి తగలగానే మొలుస్తాయి. అది ఉనకేశ్వర్ నీళ్ళలో దొరికినంత మాత్రాన అక్కడ బతుకుతోందని చెప్పలేవు, గాలికి వచ్చి పడి ఉండొచ్చు. అందుకని అదే రోజు దగ్గర్లోని మామూలు బావి నీళ్ళు కూడా తెచ్చి, అదే మీడియా మీద, అదే 55లో పెట్టు. రెండిట్లోనూ అదే జీవి వస్తే నీ పేపరులో రాసుకునే మాట చిన్నదవుతుంది. చిన్నదైతే ఏం, నిలబడుతుంది.

మీ ల్యాబ్‌లో నేను చూసింది ఒకటి చెప్తాను. మీడియా పోశాక స్టెరిలిటీ చూడటానికి రెండు ప్లేట్లు 37లో పెడుతున్నారు. మనిషి రోగక్రిములతో పనిచేసేవాళ్ళకి అది చాలు, నీకు చాలదు. ఆటోక్లేవ్ 121 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉందో లేదో పరీక్షించే స్ట్రిప్పులో పెట్టేది కూడా జియోబాసిల్లస్ స్పోర్లనే, అంత మొండివి అవి. మధ్యలో కరెంటు పోయి పదో నిమిషంలో ఆగిందనుకో, వచ్చాక మిగతా ఐదు నిమిషాలు నడిపి సరిపెట్టకు, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టు. అలా మిగిలిపోయిన స్పోరు 37లో కనబడదు, నీ 55లోనే లేస్తుంది, నువ్వేమో ఊటలోంచి వచ్చిందనుకుంటావు. ప్రతి బ్యాచ్‌లోంచీ ఏమీ పూయని ఖాళీ ప్లేటొకటి నీ ప్లేట్లతో పాటే, అదే అరలో, అన్ని రోజులూ ఉండాలి. దానిమీద ఏదైనా లేచిందా, ఆ బ్యాచ్ మొత్తం పారెయ్యి. ఎవరినీ అడగకు, బతిమాలినా వినకు.

55లో అగర్ రెండు రోజుల్లో ఎండి అప్పడంలా అంచులు లేస్తుంది. ప్లేట్లు బోర్లించి పాలిథీన్ కవర్లో చుట్టు, ఇంక్యుబేటర్ అడుగున నీళ్ళ ట్రే పెట్టు. మూత మీద చెమ్మ జారి పడితే కాలనీలు అలుక్కుపోతాయి, గమనించుకో. 70కి పోదామనుకుంటే అగర్ మానేసి జెల్లాన్ గమ్ తెప్పించమను.

నమూనా జనం స్నానంచేసే కుండంలోంచి తీయొద్దు. చర్మవ్యాధులు తగ్గుతాయని నమ్మి వచ్చేవాళ్ళు చాలామంది, వాళ్ళ ఒంటిమీది బ్యాక్టీరియా అంతా నీ సీసాలోకి వస్తుంది. గుడివాళ్ళని మర్యాదగా అడిగి ఊట పుట్టే చోటే తీసుకో. వేడి, పీహెచ్, టైము అక్కడే నిలబడి నోట్‌బుక్‌లో పెన్నుతో రాయి. తిరుగు రైల్లో రాసుకుందామంటే అంకెలు గుండ్రమైపోతాయి.

ఆ క్యాన్సర్ కణాల మాట. నాకైతే నచ్చలేదు. నీకు కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ లేదు, పక్క డిపార్ట్‌మెంటులో ఎవరో ఇస్తామన్న సెల్‌లైన్ ఏదో నీకు తెలియదు. 1951లో హెన్రియెటా లాక్స్ కణితిలోంచి వచ్చిన హీలా కణాలు ఎన్ని ల్యాబుల్లో చొరబడ్డాయో చదివావా? 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ పరీక్షించి, వేర్వేరు కణాలుగా చలామణీ అవుతున్న 18 లైన్లు నిజానికి హీలాలాగే ఉన్నాయని చెప్పాడు. మైకోప్లాస్మా సంగతి ఇంకా మోసం. కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్‌కు లొంగదు, ఫిల్టరులోంచి జారిపోతుంది, మీడియాను మసక కూడా చేయదు. అంత జంజాటంలో దిగి చివరికి ఆకు రసం కణాల్ని చంపిందని రాస్తావా? గాఢత పెంచితే ఉప్పు కూడా చంపుతుంది. చేసి తీరాలంటే పుణే ఎన్‌సీసీఎస్ నుంచి కాగితాలతో సహా లైను తెప్పించుకుని, అక్కడే కొన్నాళ్ళుండి నేర్చుకుని చెయ్యి.

మిషన్ల బెంగ మరీ తినేస్తే మన భీమవరం యెల్లాప్రగడ సుబ్బారావుగారి పద్ధతి ఒకసారి చేసి చూడు. ఫాస్ఫరస్ కొలవడానికి 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన రాసింది. నీలం రంగు, ఒక కలరీమీటరు, శుభ్రమైన గాజు సామాను, అంతే. నోబెల్ రాలేదని ఆయన్ని తల్చుకుని బాధపడేవాళ్ళలో ఆ రంగు తెప్పించి చూసినవాళ్ళు తక్కువ.

పేపర్లకి తొందరపడకు. థీసిస్ ఇచ్చేముందు పేపరు ఉండి తీరాలన్న షరతు యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. యూనివర్సిటీ సొంత నియమమేమైనా ఉందేమో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. డబ్బు కట్టించుకుని వారంలో వేసే పత్రికల జోలికి మాత్రం పోవద్దు.

సోమవారం మేడంని రెండే అడుగు. 55 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో నీకు ఒక అర విడిగా కావాలి, స్పోర్ స్ట్రిప్పులకి ఆర్డరు పెట్టాలి. ఆ శనివారం ఆదిలాబాద్ బండికి కిన్వట్ దాకా నేనూ వస్తాను, అక్కడివాళ్ళతో తెలుగులోనో మరాఠీలోనో నేను మాట్లాడతాను. థర్మాస్ ఫ్లాస్కులు రెండు తెచ్చుకో, ఒకటి ఊటకి, ఒకటి బావికి.

ఇట్లు,
మీ మామయ్య