ఎర్రమూత్ర వ్యాధి: రక్తపరీక్షను ఎలా అర్థం చేసుకోవాలి?

పాడి రుణం తీసుకున్న రైతులకు, సొంత ఊళ్లో పశువులున్న మన బంధువులకు ఎదురయ్యే కష్టం ఒకటుంది. వేరే ప్రాంతం నుంచి కొనితెచ్చిన సంకరజాతి ఆవు కొన్ని వారాలకే జ్వరంతో మేత మానేస్తుంది. మూత్రం కాఫీ రంగుకు తిరుగుతుంది. ఇవి బెబీసియోసిస్ లక్షణాలు కావచ్చు.

దీనికి మూలం బెబీసియా అనే ఏకకణ పరాన్నజీవి. పిడుదులు కుట్టినప్పుడు రక్తంలో చేరి ఎర్ర రక్తకణాలను ఛేదిస్తుంది. ఈ జబ్బును మోసుకొచ్చేది పిడుదులేనని అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో ప్రకటించిన పరిశోధన నిరూపించింది.

యాంటీబాడీలు ఎప్పుడు పెరుగుతాయి?

వ్యాధి సోకిన తొలి రోజుల్లో యాంటీబాడీలు పరీక్షకు అందవు. సుమారు వారం, పది రోజులకు మొదట ఐజీఎం రకం, వెనువెంటనే ఐజీజీ రకం పెరుగుతాయి. ఐజీఎం త్వరగా తగ్గుతుంది. ఐజీజీ మాత్రం ఆవు కోలుకున్నాక కూడా నెలల తరబడి ఉంటుంది.

మన భాషలో చెప్పాలంటే యాంటీబాడీ పరీక్ష పాస్‌బుక్‌లోని పాత ఎంట్రీ లాంటిది. లావాదేవీ జరిగిందని చెబుతుంది, ఈ రోజు నిల్వ ఎంతో చెప్పదు. అందుకే ‘పాజిటివ్’ అని వస్తే ఆవుకు ఇప్పుడే జబ్బుందని కాదు. తొలి వారంలో ‘నెగటివ్’ వస్తే జబ్బు లేదనీ కాదు. రెండు మూడు వారాల తేడాతో తీసిన రెండు నమూనాల్లో స్థాయి నాలుగు రెట్లు పెరిగితే ఇటీవలే సోకిందని భావిస్తారు. అయితే జ్వరంతో ఉన్న ఆవుకు అంతకాలం ఆగే వ్యవధి ఉండదు. వెంటనే గాజుపలకపై రక్తపు పూత తీయించి, సూక్ష్మదర్శినితో చూపించాలి.

దూడల సంగతి

ఆవు గర్భంలోని దూడకు తల్లి యాంటీబాడీలు అందవు. అవి ముర్రుపాల ద్వారానే వస్తాయి, పేగులు వాటిని గ్రహించేది మొదటి రోజే. కాబట్టి పుట్టిన కొద్ది గంటల్లోనే పాలు తాగించాలి. పిడుదులున్న ప్రాంతంలో దూడలకు చిన్న వయసులో జబ్బు సోకినా సాధారణంగా తేలికగా పోయి, రక్షణ మిగులుతుంది. పిడుదులు లేనిచోట పెరిగిన పెద్ద ఆవుకు ఆ రక్షణ ఉండదు.

గుర్తుంచుకోవలసినవి

• ఆవును కొనేముందు అది పెరిగిన ప్రాంతంలో పిడుదులున్నాయేమో అడగాలి.
• చెవులు, పొదుగు, తోక కింద తరచూ చూడాలి.
• మూత్రం రంగు మారితే ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవాలి. సకాలంలో మందు పడితే ఆవు దక్కుతుంది, ఆ ఇంటి ఆదాయమూ నిలుస్తుంది.