ముట్లు ఆగితే భయమెందుకు?

అక్కలారా! ఆడవాళ్ళకు ఒక వయసులో ముట్లు మొదలవుతాయి. ఒక వయసులో ఆగిపోతాయి. ఇది రోగం కాదు. ఎవరి శాపమూ కాదు. మన దేశంలో చాలామందికి 45 నుండి 50 ఏళ్ళ మధ్య ఇది జరుగుతుంది. వరుసగా 12 నెలలు ముట్టు రాకపోతే ఆగిపోయినట్టే లెక్క.

ఒంట్లో ఏమవుతుంది?

ఒక్కసారిగా ఒళ్ళంతా సెగలు పుడతాయి. చెమటలు పోస్తాయి. రాత్రి నిద్ర పట్టదు. ఊరికే కోపం, దిగులు వస్తాయి. ఎముకల బలం తగ్గుతుంది. అందరికీ అన్నీ రావు.

తండాలో, పెంటలో కష్టం ఎక్కువ

అమ్రాబాద్, లింగాల మండలాల్లో నల్లమల అడవి ఉంది. అక్కడ చెంచులు పెంటల్లో ఉంటారు. కొన్ని పెంటల నుండి ఆసుపత్రికి పోవాలంటే అడవి దాటాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్ తండాల్లో లంబాడీలు ఉన్నారు. వాళ్ళ ఇంటి భాష వేరు. పెద్ద వయసు ఆడవాళ్ళకు ఇలాంటి బాధ తెలుగులో చెప్పుకోవడం కష్టం. మగ డాక్టరైతే సిగ్గు. గద్వాల పత్తి చేలలో కూలికి పోయే తల్లికి సెగలొస్తే కూర్చుందామన్నా నీడ దొరకదు. పని మానితే పూట గడవదు.

గర్భసంచి తీయించే ముందు

ముట్లు క్రమం తప్పగానే "గర్భసంచి తీయించుకో, పీడ పోతుంది" అనేవాళ్ళు ఉంటారు. తొందరపడవద్దు. ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. గర్భసంచితో పాటు రెండు అండాశయాలు కూడా తీసేస్తే, చిన్న వయసులోనే ఈ కష్టాలు మొదలవుతాయి. ఎముకలు తొందరగా గుల్లబారుతాయి. పైగా అప్పు మిగులుతుంది. అవసరం లేని ఇలాంటి ఆపరేషన్లు ఆపాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది.

కొన్ని జబ్బులకు ఈ ఆపరేషన్ తప్పదు. అయినా ఇంకో డాక్టరును కూడా అడగండి. ఏమేమి తీస్తారో అడగండి. కాగితం చదవకుండా సంతకం పెట్టవద్దు. ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా!

మనం ఏం చేయాలి?

1. తైద అంబలి, నువ్వులు, మునగాకు, పాలు తీసుకోవాలి.
2. ముట్లు ఆగిన తరువాత మళ్ళీ రక్తం కనబడితే వెంటనే డాక్టరుకు చూపించాలి.
3. ఆడవాళ్ళ కోసం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' కార్యక్రమం మొదలైంది. అందులో మంగళవారం పరీక్షలు పెట్టారు. మీ దగ్గర ఎక్కడ చూస్తారో ఆశా కార్యకర్తను అడగాలి.
4. తెలుగు సరిగా రాని అత్తకు చదువుకున్న కోడలు తోడు పోవాలి.

చర్చించండి

మీ ఊళ్ళో ఎంతమంది గర్భసంచి తీయించుకున్నారు? ఎందుకు? ఆ ముందు వాళ్ళకు ఎవరైనా వివరంగా చెప్పారా?