భిత్తి, ఏడూకము, పిండమయము: గోడ లోపలి వస్తువును గూర్చి కొంత విచారణ

అమరసింహుడు పురవర్గమున గోడకు భిత్తి, కుడ్యము అను రెండు పేర్లు చెప్పి, వెంటనే ఏడూకమను మూడవ పదమును చేర్చినాడు. ఎముకలు లోపల నుంచి కట్టినది ఏడూకమని ఆయన వివరణము. అమరమును వల్లించిన విద్యార్థులందరును ఈ పదమును పలుకుదురు గాని, గోడలో ఎముకలేల యని అడుగువారు అరుదు. మొదటి రెండు పేర్లు ఏ గోడకైనను చెల్లును. మూడవది మాత్రము పైకి కానరాని వస్తువును బట్టి ఏర్పడినది. కోశకారుడు గోడ లోపలికి చూచిన చోటు ఇదియే.

ఏడూకమునకు తెలుగునేలపై ప్రత్యక్షోదాహరణము కలదు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపమును త్రవ్వినప్పుడు గర్భమునుండి శిలాపేటికలు, వానిలో ధాతువులు, పేటికలపై బ్రాహ్మీలిపి శాసనములు బయల్పడినవి. నాగార్జునకొండ మహాచైత్యపు లోపలి నిర్మాణమైతే బండిచక్రపు ఆకులవలె సాగిన ఇటుకగోడల సముదాయమే. స్తూపవాచకమును అమరుడు గోడల నడుమ ఏల చేర్చెనో దీనివలన కొంత ఊహింపవచ్చును. మహాభారత వనపర్వమున మార్కండేయుడు కలియుగలక్షణములు చెప్పుచు భూమి దేవగృహములతో గాక ఏడూకములతో నిండునని వాపోయినాడు. అతని వాపోతలోని మతవిషయము మనకిక్కడ అప్రస్తుతము.

భిత్తిశబ్దము భిద్ ధాతువునుండి పుట్టినది. చీల్చుట దాని మూలార్థము. శతపథబ్రాహ్మణమున చీల్చిన రెల్లుతో అల్లిన చాపకు ఈ పేరున్నది. అనగా తొలి భిత్తి మన తడికయే. తడికకు ఇరుప్రక్కల మట్టి మెత్తి, పేడతో అలికినచో అది గోడయగును. అలికిన పిమ్మట లోపలి రెల్లు కనబడదు. పేరు మాత్రము దానిని మోయుచునే యున్నది.

గోడ లోపలి వస్తువును శాస్త్రముగా విభజించి చెప్పినవాడు, చిత్రముగా, ఒక దొంగ. మృచ్ఛకటికము తృతీయాంకమున శర్విలకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయుటకు వచ్చి, కనకశక్తి చెప్పిన నాలుగుపాయములను స్మరించును. కాల్చిన ఇటుకల గోడయైనచో ఇటుకలను ఊడలాగవలెను, పచ్చి ఇటుకలదైనచో కోయవలెను, పిండమయమైనచో తడుపవలెను, కొయ్యదైనచో చీల్చవలెను. లోపలి వస్తువు తెలిసినగాని ఉపాయము తోచదు. అందుచేతనే అతడు మొదట గోడను పరీక్షించినాడు. నిత్యము సూర్యునకు అర్ఘ్యమిచ్చు నీరు పడి నేల మెత్తబడిన తావును, క్షారము తిని ఇటుక క్షీణించిన భాగమును, ఎలుకలు తోడిపోసిన మంటిని చూచి అచ్చటనే పూనుకొన్నాడు. కొలత్రాడు మరచి జందెముతో కొలిచిన ఘట్టమునకు మన తరగతులలో నవ్వులు రేగుట సహజమే. దానికి ముందున్న ఈ పరీక్షను మాత్రము మనము త్వరగా దాటిపోవుచున్నాము.

పిండమయమను మాటకు 'మట్టిముద్దలతో చేసినది' అని అర్థము చెప్పి ఊరకొనుట మన అలవాటు. అర్థము సరియే గాని, పచ్చి ఇటుక కూడ మట్టియే కదా, రెంటికి భేదమేమని విద్యార్థి అడిగినచో ఆ మాట చాలదు. ఇందుకు సమాధానము మేడ్చల్ ప్రాంతపు పల్లెలలో దొరకును. సికింద్రాబాదునుండి నిజామాబాదు వైపు పోవు రైలుమార్గమున నున్న గౌడవెల్లినే తీసికొందము. ఇది నల్లరాతి గుట్టలు, ఎర్రనేలలు గల సీమ. ఇట్టి సీమలో పాతకాలపు ఇంటికి క్రింద బండరాతి పునాది, దానిపై మట్టిగోడ, ఆపైన దూలములు, వాసములు, పెంకులు ఉండును. మంటిని నీటితో నానబెట్టి, గడ్డి గాని ఊక గాని కలిపి, కాళ్లతో త్రొక్కి, కొన్నాళ్లు మాగనిచ్చి, ముద్దలుగా చేసి చేతులతో వరుస పెట్టుదురు. ఒక వరుస ఆరినగాని మరియొకటి పెట్టరు. పచ్చి ఇటుక గోడలో అతుకులుండును. ప్రతి ఇటుక అచ్చున విడిగా ఆరినది గనుక అతుకు వెంట కోయవచ్చును. ముద్దగోడలో అట్టి అతుకులు లేవు, మొత్తము ఒకే పిండముగా బిగియును. ఊడలాగుటకు ఇటుక లేదు, కోయుటకు గట్టితనమడ్డము. మంటిని మరల ముద్దగా మార్చునది నీరొక్కటే. పిండమయమునకు సేచనమే ఉపాయమని చెప్పుటలోని యుక్తి ఇదియని నా అభిప్రాయము.

శర్విలకుడు కోరి చేయు సేచనమును నేడు గృహస్థులు తెలియక చేయుచున్నారు. మట్టిగోడ నేలలోని చెమ్మను పీల్చి, మరల గాలికి విడుచును. సున్నపు పూత ఈ రాకపోకలకు అడ్డురాదు. సిమెంటు పూత చెమ్మను చాలవరకు లోపలనే నిలుపును. అది పైపైకి ప్రాకి మంటిని మెత్తపరచును. పూతయంచున తెల్లని చవుడు పేలును. అమ్మట క్షారక్షీణమని నాటకకర్త చెప్పినది దీనినే. పైకి నున్నగా రంగు వేసిన గోడను చూచి, అది కాల్చిన ఇటుకదని నమ్మి, పాత దూలములు తీసి స్లాబు వేసినవారికి, వానకాలమున ఆ గోడ కూలిన పిదప గాని లోపలిది మన్నని తెలియదు. మట్టిగోడ చెడ్డదని నేననను. మన్ననుట తెలియకపోవుటయే ప్రమాదము. దొంగ ఎరిగినపాటి ఇంటివాడు ఎరుగకున్నాడు.

తెలిసికొనుటకు గొప్ప సాధనములక్కరలేదు. దీపపు గూటి లోతు, ద్వారబంధము ప్రక్క మందము చూచినచో గోడ జాతి కొంత బయటపడును. మూరెడు మందమునకు మించినచో మట్టి లేక రాయి యని అనుమానింపవచ్చును, నిశ్చయింపరాదు. ఏలయన వరాహమిహిరుడు బృహత్సంహిత వాస్తువిద్యాధ్యాయమున కాల్చిన ఇటుకల ఇంటికే వెడల్పులో 16వ వంతు గోడ ఉండవలెనన్నాడు. ఆ లెక్కన 32 మూరల ఇంటికి 2 మూరల గోడ వచ్చును. కొయ్య ఇంటికి అట్టి నియమము లేదన్నాడు. మట్టిగోడ ప్రసక్తి ఆ శ్లోకమున లేదు. కనుక మందముతో పాటు ఎలుక తోడిన మంటి రంగును, గోడ మొదట చెమ్మగీతను చూడవలెను. ఇవి శర్విలకుని గురుతులే.

ఆ అధ్యాయముననే మరియొక మార్గమున్నది. ప్రశ్నసమయమున గృహపతి ఏ అంగమును గోకుకొనునో, వాస్తుపురుషుని ఆ అంగమున శల్యమున్నదని గ్రహింపవలెనట. శర్విలకుడును లోపలికి పోయి, నిధి ఉన్నదేమోయని నేలపై గింజలు చల్లినాడు. అవి ఉబ్బలేదు గనుక ఇల్లు నిజముగా దరిద్రమని నిశ్చయించినాడు. ఈ రెంటికిని గోడపరీక్షకును గల అంతరమును విద్యార్థులకు విడదీసి చూపవలెను. అక్కడ నిమిత్తము, ఇక్కడ ప్రత్యక్షము. శూద్రకుని దొంగకు రెండును తెలియును.

తృతీయాంకమును బోధించువారు వీలైనచో విద్యార్థులను సగము కూలిన మట్టియిల్లొకదాని యెదుట నిలిపి ఈ ఘట్టమును చదివింపవలెను. హైదరాబాదు ఉత్తరపు అంచున అట్టివి తరుగుచున్నవి. మట్టిపని యెరిగిన వృద్ధులనుండి వరుసకు, ముద్దకు, త్రొక్కుడుకు వారి నోటి మాటలను అప్పుడే వ్రాసికొనవచ్చును. చారుదత్తుడు తన గోడ లోపలిని చూచినది కన్నము పడిన తరువాతనే. పైభాగపు ఇటుకలు తొలగి, శిరమున సన్నమై నడుమ విశాలమైన ఆ రంధ్రమును అతడు కోపమునకు మారుగా మెచ్చుకొనుచు నిలిచినాడు.